ఎడమ మూల కింద తడి చెక్క

"నాన్నా, నిన్నే అడుగుతున్నా. ఆ మూల కింద ఏముంది?"

ఎగిరి దూకుతుందని ఇంట్లో అందరూ మిడత అని పిలిచే ఆ పిల్ల అడగడం ఇది మూడోసారి. మొదటిసారి గుమ్మంలో బూట్లు విప్పుతూ అడిగింది. రెండోసారి భోజనానికి కూర్చుంటూ అడిగింది. ఇప్పుడు పళ్లెం పక్కకు జరిపి మరీ అడిగింది.

తండ్రి తల ఎత్తలేదు. చేతిలో పనితనం, నోట్లో ఎప్పుడూ ఒక వెటకారం ఉండే వడ్రంగి. అలాంటివాడు ఇవాళ ముద్దని పళ్లెంలో అటు దొర్లించి ఇటు దొర్లించి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

కిటికీ దగ్గర కుట్టుమిషను చప్పుడు మాత్రం ఆగలేదు. జట్టంతా నీలం జెర్సీలు వేసుకుంటే మిడత ఒక్కతే పసుపుది వేసుకోవాలి. వెనక వరసలో ఉండి పడబోయే ప్రతి బంతినీ నేల మీదికి దూకి లేపే పిల్లకి వేరే రంగు ఉండాలని నియమం. జట్టువాళ్లు ఇచ్చిన జెర్సీ ఇద్దరు మిడతలు పట్టేటంత వదులుగా ఉంది. తల్లి దాని పక్కలు బిగించి కుడుతోంది.

పదహారు దేశాల నుంచి పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలు వచ్చి ఈ ఊళ్లో వాలీబాల్ ఆడుతున్నారు. అందులో సొంత దేశం జట్టుకి కెప్టెన్ ఈ ఇంటి పిల్ల. మిగతా పిల్లలంతా హోటల్లో ఉంటే, ఇల్లు దగ్గరే కదా, అమ్మ చేతి భోజనం చేసి రమ్మని కోచ్ రెండు గంటలు వదిలాడు. సాయంత్రం ఐదింటికి క్వార్టర్ ఫైనల్. గెలిస్తే సెమీస్, ఓడితే ఇంటికి.

"ఏ మూల గురించే నువ్వడిగేది?" అంది తల్లి, దారం తెంపుతూ.

"స్కోరుబోర్డు వైపు కోర్టులో, వెనక వరస ఎడమ మూల. నిన్న ప్రాక్టీసులో ఇంకో జట్టు పొడుగు పిల్ల పడింది చూడు, అక్కడ. చీలమండ విరిగింది. కట్టు వేసి హోటల్లో కూర్చోబెట్టారు."

"కాలు తప్పుగా వేసిందని పేపర్లో రాశారుగా."

"అందరూ అదే అన్నారు. మా కోచ్ కూడా. అందరూ వెళ్లాక నేను వెళ్లి మడమతో నొక్కి చూశాను. దిగింది."

"రబ్బరు మ్యాట్ అన్నాక మెత్తగా ఉండదా?"

"మెత్తగా ఉండడం వేరు, దిగడం వేరమ్మా. వడ్రంగి కూతుర్ని, ఆ మాత్రం తెలీదా నాకు. వేలెడు మందం దిగింది. కింద చెక్క పట్టీకీ పైన పలకకీ మధ్య ఖాళీ ఉంది."

అప్పటికి తండ్రి నోరు విప్పాడు.

"ఎవరితోనైనా అన్నావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. మిషను ఆగిపోయింది. తల్లి పాదం దాని మీదే ఉంది కానీ కదల్లేదు.

"ఏమండీ," అంది మెల్లిగా. "ఏం చేశారు?"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. చెప్పడానికి ఎంతో లేదు. పది రోజుల కిందటి వానకి స్టేడియం కప్పు కారింది. అప్పటికే పరిచిన పట్టీలు ఆ మూలలో ఆరడుగుల మేర తడిశాయి. పీకి కొత్తవి వెయ్యాలి. కొత్త చెక్క రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. ప్రారంభానికి మూడు రోజులే ఉంది.

"రెండు రోజులు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాను. అరచెయ్యి పెట్టి చూస్తే ఇంకా చల్లగా తగిలింది. చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే."

"మరి?"

"తడి చెక్క ఉబ్బి ఉంటుంది. అందులో స్క్రూ దించితే రాయిలా పట్టుకుంటుంది. పరీక్షకి వచ్చినావిడ అన్ని మూలలా బంతి ఎత్తి వదిలింది. అన్నిచోట్లా ఒకేలా ఎగిరింది. శభాష్ అంది కూడా." ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. "ఆరితే చెక్క ముడుచుకుంటుంది. స్క్రూ చుట్టూ సందు పడుతుంది. అన్ని లైట్ల వేడికి వారంలో ఆరదూ?"

"ఇలా అవుతుందని తెలిసే మూశారా?"

"తెలిసే."

మిడత మంచినీళ్ల గ్లాసు ఎత్తింది, తాగకుండానే దించింది. తల్లి జెర్సీ మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

బయట కారు ఆగింది. చెప్పులైనా విప్పకుండా పెద్దాయన లోపలికొచ్చాడు. వడ్రంగికి స్వయానా అన్న. స్టేడియంలో నేల పని తెచ్చినవాడు, చేయించినవాడు, చెక్క ఆరకముందే మూసెయ్యమన్నవాడు, ఇంటికి పెద్ద. తమ్ముడు పొద్దున్న ఫోన్ చేసి "ఒకసారి రా అన్నయ్యా" అన్నప్పుడే ఆయనకి విషయం అర్థమయ్యుంటుంది. అయినా నవ్వుతూ వచ్చాడు.

"ఏమే మిడతా, ఇవాళ ఎంత ఎత్తు ఎగురుతావు?"

"నేల ఎంత ఎగరనిస్తే అంత, పెదనాన్నా."

ఆయన నవ్వు అక్కడితో ఆగింది. కుర్చీ లాక్కుని తమ్ముడికి ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నయ్యా, వెళ్లి చెప్పేద్దాం," అన్నాడు వడ్రంగి. "మ్యాట్ లేపి, నాలుగు పలకలు తీసి, ఆరడుగుల పట్టీలు మారిస్తే చాలు. కొత్త చెక్క వచ్చి గోడౌన్లో ఉంది. మూడు గంటల పని."

"నీకు మూడు గంటల పని. వాళ్లకి మూడు రోజుల పని. ఒక్క పలక లేపాలన్నా అధికారికి చెప్పాలి. చెబితే కోర్టు మొత్తం మళ్లీ పరీక్ష చెయ్యాలంటారు. మిగిలిన ఆటలు ఇంకో ఊరికి తరలిస్తారు. రేపట్నుంచి మన పేరు చెబితే ఒక్కడైనా నీ చేత ముక్కాలిపీటైనా చేయించుకుంటాడా?"

"చేయించుకోకపోతే మానె."

"ఓహో. పేరు పోగొట్టుకోవడం ఎంత తేలిక! నిలబెట్టినవాడు వేరేవాడు కదా." పెద్దాయన గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు, అదే ఆయన దగ్గరున్న ఆయుధం. "నాన్న పోయినప్పుడు నీకెన్నేళ్లు?"

"పదమూడు."

"ఉలి పట్టుకోవడం నేర్పిందెవరు?"

"నువ్వే."

"వేలు తెగితే భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తిందెవరు?"

"నువ్వే అన్నయ్యా. నేను కాదన్నానా ఎప్పుడైనా?"

"మరి ఇవాళ నా మెడ మీద కత్తి పెడతానంటున్నావేం?"

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది వడ్రంగి పని. ఇటు అన్న, అటు కూతురు. మధ్యలో ఎవరో ఊరూ పేరూ తెలియని పిల్ల, కాలికి కట్టుతో. రాత్రి నుంచి ఆయనకి ముద్ద దిగకపోవడానికి కారణం ఆ పిల్లే.

"బావగారూ," అంది వడ్రంగి భార్య. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన ఎదుట ఆవిడ గట్టిగా మాట్లాడింది లేదు, ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. "నిన్న పడింది ఎవరి పిల్లో. ఇవాళ ఆ మూలలో నిలబడేది మన పిల్ల. దాని పనే అక్కడ దూకడం."

"నేనది ఆలోచించకుండా వచ్చానా అమ్మా?" పెద్దాయన ముందుకు వంగాడు. "టాస్‌కి వెళ్లేది కెప్టెనే కదా. మిడతా, టాస్ గెలిస్తే నువ్వు సర్వీసు అడగకు. వైపు అడుగు. తలుపుల వైపు కోర్టు తీసుకో. అవతలివాళ్లు స్కోరుబోర్డు వైపు పోతారు."

"సెట్టు సెట్టుకీ వైపులు మారతాం పెదనాన్నా. రెండో సెట్టుకి మేమే అక్కడికి వెళ్తాం."

"అంతదాకా రాదులే."

"ఎందుకు రాదు?"

పెద్దాయన బల్ల మీది గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. నిదానంగా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. గదిలో ఉన్న ముగ్గురికీ అర్థమైంది.

"అంటే మొదటి సెట్లోనే అవతలి పిల్ల ఎవరో పడాలి," అంది వడ్రంగి భార్య. "వాళ్లు పడితే ఆట ఆగుతుంది. మన పిల్ల కాలు మిగులుతుంది. అంతేనా బావగారూ?"

"నేనలా అన్నానా?"

"అనలేదు. నీళ్లు తాగారు."

పెద్దాయన లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "నాలుగింటికి స్టేడియం దగ్గరుంటాను. నువ్వు నా పక్కనే కూర్చో," అన్నాడు తమ్ముడితో. అడిగినట్టు లేదది, చెప్పినట్టు ఉంది.

కారు వెళ్లిపోయాక మిడత సంచి సర్దుకుంది. తల్లి చేతిలోని పసుపు జెర్సీ తీసుకుని, ఒంటికి ఆనించి చూసుకుని, లోపల పెట్టుకుంది. తండ్రి వీధి మలుపు దాకా వెంట నడిచాడు.

"మీ కోచ్‌తో చెబుతావా?"

"చెప్పను."

"ఎందుకని?"

"నేల వేసింది నువ్వు. నేను చెబితే కూతురు తండ్రిని పట్టించినట్టుంటుంది. నువ్వు చెబితే పనివాడు తన పనిలో తప్పు దిద్దుకున్నట్టుంటుంది."

"నేను చెప్పలేకపోతే?"

మిడత కాసేపు నడిచింది. "ఆడతాను నాన్నా. పిలిచింది ఆడడానికేగా."

ఆయన పనిముట్ల సంచి తగిలించుకుని నాలుగింటికల్లా స్టేడియానికి చేరాడు. ముందు ఆటకీ ఈ ఆటకీ మధ్య గంట ఖాళీ ఉంటుందని, ఎవరికీ చెప్పకుండా మ్యాట్ అంచు లేపి, నాలుగు పొడుగు స్క్రూలు దించి ఇవాళ్టికి గట్టెక్కిద్దామని దారంతా అనుకుంటూ వచ్చాడు. మూడు గంటల పనిని గంటలో ఎలా ముగిస్తాడో ఆయనకే తెలియదు. తనని తాను మోసం చేసుకోవడానికి మాత్రం ఎవరికీ పెద్ద పనితనం అక్కర్లేదు.

వెళ్లేసరికి ముందు ఆట ఐదో సెట్టుకి వచ్చింది. ఆ గంటా పోయింది. ఆ ఆట ముగిసేసరికి ఐదింటికి పదిహేను నిమిషాలే మిగిలాయి.

పెద్దాయన మొదటి వరసలో, సరిగ్గా ఆ మూలకి వెనక, అడ్డుబోర్డుల దగ్గర చోటు పట్టి ఉంచాడు. తమ్ముడు కూర్చోగానే భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్లకి అన్నదమ్ములంటే ఇలా ఉండాలనిపిస్తుంది. వడ్రంగికి ఆ చెయ్యి మణుగు బరువుంది.

భార్య కూడా వచ్చింది. కానీ పక్కన కూర్చోలేదు. మెట్లెక్కి నాలుగు వరసల పైన, ఒక్కతే కూర్చుంది. ఆయన తిరిగి చూస్తే ఆవిడ చూపు కోర్టు మీద ఉంది.

జట్లు వచ్చాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఇద్దరు కెప్టెన్లూ రిఫరీ దగ్గరికి వెళ్లారు. పసుపు జెర్సీలో మిడత అందరికంటే పొట్టిగా, బిగువుగా ఉంది. నాణెం ఎగిరింది. మిడత గెలిచింది.

"తలుపుల వైపు," అన్నాడు పెద్దాయన నోట్లో నోట్లోనే.

గెలిచినవాళ్లు ఎవరైనా సర్వీసు అడుగుతారు, లేదా సర్వీసు అందుకుంటామంటారు. అవతలి కెప్టెన్ కూడా అదే అనుకుని అప్పుడే వెనక్కి తిరగబోయింది. మిడత చెయ్యి చాపి స్కోరుబోర్డు వైపు చూపించింది. రిఫరీ సరిగా విన్నానా అన్నట్టు మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అటే చూపించింది. బెంచీ దగ్గర కోచ్ లేచి రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు.

భుజం మీది చెయ్యి జారింది.

"దీనికి మతి పోయిందా?" అన్నాడు పెద్దాయన.

వడ్రంగికి మాత్రం తెలిసింది. పరాయి పిల్ల ఎవరూ ఆ మూలలో పడకూడదని మిడత దాన్ని తన కింద పెట్టుకుంది. కోచ్‌కి చెప్పలేదు, రిఫరీకి చెప్పలేదు, ఇచ్చిన మాట ప్రకారం ఆడుతోంది. ఆ నేల వేసినవాడు నోరు తెరవడానికి ఇంక ఎంత సమయం ఉందో అది కూడా ఆమె చేతుల్లో లేదు.

ఆమె నడుచుకుంటూ వచ్చి ఎడమ మూలలో నిలబడింది. తండ్రికి పదడుగుల దూరం. తల తిప్పి చూడలేదు. చూస్తే బాగుండునని ఆయనకి అనిపించింది. చూసి కళ్లు ఉరిమినా బాగుండును. ఆమె మోకాళ్లు వంచి, చేతులు ముందుకు చాపి, ఎప్పటిలాగే సిద్ధమైంది.

అవతలి పిల్ల సర్వీసుకి బంతి అందుకుంది. నేల మీద రెండుసార్లు కొట్టింది.

ఎలా లేచాడో ఆయనకి గుర్తులేదు. అడ్డుబోర్డు మోకాలికి తగిలి పక్కకు ఒరిగింది. "ఆపండి" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అన్నాడు. కాపలా మనిషి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఆ మనిషిని కూడా ఈడ్చుకుంటూ కూతురికీ గీతకీ మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. రిఫరీ ఈల వేశాడు. వేల మంది ఉన్న స్టేడియంలో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి.

మెడలో కళ్లజోడు వేలాడేసుకున్న అధికారిణి ఫైలు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. బంతి ఎత్తి వదిలి పరీక్షించింది ఈవిడే, శభాష్ అన్నదీ ఈవిడే.

"ఏమిటిది? ఎవరు మీరు?"

"ఈ నేల వేసినవాణ్ణి మేడమ్. ఇక్కడ, ఈ గీత పక్కన, మడమతో నొక్కి చూడండి."

ఆవిడ ఆయన మొహం చూసింది. తర్వాత మడమ పెట్టి నొక్కింది. ఒకసారి తీసి మళ్లీ నొక్కింది. మూడోసారి అవసరం లేకపోయింది. రిఫరీకి చేత్తో సైగ చేసింది. అతను కుర్చీ దిగాడు. రెండు జట్ల పిల్లలూ బెంచీల దగ్గరికి వెళ్లారు, మిడత తప్ప.

అధికారిణి ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. "నేల ఆటకి పనికొస్తుందని రాసిచ్చిన పత్రం. ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"రెండు సంతకాలూ?"

ఆయన వంగి చూశాడు. పని ముగిసిన రోజు పలకల దొంతర మీద అన్న పెట్టిన కాగితాల్లో ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం చేసిన మాట నిజమే. చదవలేదు. అన్న పెట్టిన కాగితం చదవడమేమిటి. ఇప్పుడు చదివాడు. పనివాడు అన్నచోట తన పేరుంది. కింద, పూర్తి బాధ్యత వహించే కాంట్రాక్టరు అన్నచోట కూడా తన పేరే ఉంది. పైనుంచి కింది దాకా వెతికాడు. అన్న పేరు ఎక్కడా లేదు.

కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. సిగ్గేసింది. నలుగురిలో బట్టలు జారిపోయినంత సిగ్గు, తనది కూడా కాదు, అన్నయ్యది.

"ఒక ఆటగత్తె కాలు విరిగింది," అంది అధికారిణి. "దీని మీద విచారణ ఉంటుంది, తేలిగ్గా పోదు. జాగ్రత్తగా చెప్పండి. చెక్క తడిగా ఉందని మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ మూశారా?"

"మూశాను. తప్పు నాదే. చెయ్యి పెట్టి చూసినవాణ్ణి నేనే."

"మీ అంతట మీరే మూశారా, ఎవరైనా మూసెయ్యమన్నారా?"

ఆవిడ పెన్ను మూత తీసింది. వడ్రంగి తల తిప్పాడు. ఒరిగిన అడ్డుబోర్డుకి అవతల పెద్దాయన నిలబడి ఉన్నాడు. తల దించుకోలేదు, మొహం చాటేసుకోలేదు. పైన నాలుగో వరసలో భార్య కూడా లేచి నిలబడింది.

వడ్రంగి నోరు తెరిచాడు.

"చెప్పు తమ్ముడూ," అన్నాడు పెద్దాయన, చిన్నపిల్లాడికి మాట అందించినంత ప్రేమగా. "నీకెవరూ ఏమీ చెప్పలేదని చెప్పు."

అధికారిణి రాయడం ఆపి తల ఎత్తింది. అప్పటిదాకా ఆయన్ని ఆవిడ గమనించలేదు. కాగితం వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

"మీరెవరండీ?"

పెద్దాయన దగ్గర ఎప్పుడూ దేనికైనా జవాబుంటుంది. ఇప్పుడు మాత్రం తను ఎవరో చెప్పమన్నట్టు, తమ్ముడి వైపు చూశాడు.